కవరు మీద కొండ, లోపల పొగ: ఒక బ్లాక్ మెటల్ బ్యాండుకు బహిరంగ లేఖ

తమ్ముళ్ళూ,

మీ ఆల్బమ్ విన్నాం. ఐదు పాటలు, 47 నిమిషాలు. హెడ్‌ఫోన్లలో ఒకసారి, మానిటర్ స్పీకర్లలో ఒకసారి, చివరికి ఫోను స్పీకర్లో ఒకసారి. బ్యాండు పేరు, పాటల పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లో తెలుగులో బ్లాక్ మెటల్ చేసేవాళ్ళు ఎంతమంది ఉంటారు గనక! చదవగానే మీకే తెలిసిపోతుంది. ఉత్తరం అందరి ముందూ పెట్టడానికి కారణం ఒకటే. ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఈ సంగీతం చేసే ప్రతివాళ్ళూ ఏదో ఒకనాడు పడే గుంటల్లోనే మీరూ పడ్డారు. ఇంకొకరు పడకుండా ఉంటే మంచిదే కదా.

ఆల్బమ్ చెత్తగా ఉంటే ఈ ఉత్తరం రాసేవాళ్ళం కాదు. చెత్తయితే నవ్వుకుని వదిలేస్తాం. ఇది విన్నాక ఏమీ అనిపించలేదు, అదీ బాధ. కవరు మీద మహేంద్రగిరి, తెల్లవారుజాము మంచు, అంచున ఒక మోడు. చూడగానే ఆశ పుట్టింది. లోపలికి వెళ్తే కొండ కనపడలేదు, పొగ మాత్రం దండిగా ఉంది. ఆ పొగ ఎక్కడి నుంచి వస్తోందో, ఎలా తీయాలో చెప్పడానికే ఇదంతా.

ఈ సంగీతంతో పరిచయం లేనివాళ్ళకి రెండు ముక్కలు. బ్లాక్ మెటల్ అనే ఈ హెవీ మెటల్ శాఖ 1990ల మొదట్లో నార్వేలో గట్టిపడింది. పిక్ పైకీ కిందికీ ఆగకుండా ఆడిస్తూ ఒకే స్వరాన్ని ధారగా వాయించే ట్రెమొలో పికింగ్, కిక్, స్నేర్ అనే రెండు డ్రమ్ముల మీద దెబ్బలు ఊపిరి తిప్పుకోనివ్వకుండా పడే బ్లాస్ట్ బీట్, గొంతు చీరుకుపోతున్నట్టు అరుపు. ఇందులోంచే పాటని పొడుగు చేసి, ఒకే రిఫ్‌ని (చిన్న గిటారు వరసని) తిప్పితిప్పి, వినేవాణ్ణి తీసుకెళ్ళి ఒక చోట నిలబెట్టే శాఖ వచ్చింది. దాన్నే అట్మాస్ఫియరిక్ బ్లాక్ మెటల్ అంటున్నారు. ఆస్ట్రియాలో సమ్మనింగ్, ఉక్రెయిన్లో ద్రూద్ఖ్, అమెరికాలో ఒలింపియా వైపు నుంచి వుల్వ్స్ ఇన్ ద థ్రోన్ రూమ్, ఇలా ఎవరి అడవి వాళ్ళు కట్టుకున్నారు. మనకూ ఒక అడవి కావాలని మీరు అనుకోవడంలో తప్పేమీ లేదు. తప్పంతా దాన్ని ఏ సామానుతో కట్టారన్న దగ్గరే ఉంది.

మొదటి పాట వానతోనే మొదలు పెడదాం. మూడు నిమిషాలు వాన తప్ప ఇంకేమీ లేదు. ఒకటిన్నర నిమిషం దాటాక ఉరుము పడుతుంది. పడగానే వాన చప్పుడు ఠక్కున కుంగిపోయి, రెండు సెకన్ల పాటు మెల్లిగా మళ్ళీ ఉబ్బుతుంది. ప్రకృతిలో ఏ వానా ఉరుముకి భయపడి తగ్గదు. అది ఫోను చేసిన పని. పెద్ద చప్పుడు రాగానే ఫోను తనంతట తానే సౌండు కుదించి, తర్వాత మళ్ళీ పెంచుతుంది. మాట రికార్డు చేయడానికి పెట్టిన ఏర్పాటది, వానకి పనికిరాదు. ఫోనే వాడాలంటే ఆటో గెయిన్ ఆపేసే యాప్ పెట్టుకోండి. చేతిలో పట్టే రికార్డరు ఎవరి దగ్గరైనా అరువు దొరికితే ఇంకా మంచిది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలు. ఉరుము పడ్డా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా లెవెల్ చేత్తోనే పెట్టాలి. మైకుకి స్పాంజి తొడుగు, దాని మీద బొచ్చు తొడుగు. పది నిమిషాలు కదపకుండా వదిలేయాలి, పక్కన నిలబడి ఊపిరి కూడా గట్టిగా తీయకూడదు.

ఎక్కడ పెట్టారన్నది ఇంకా ముఖ్యం. మీరు రేకుల షెడ్డు కింద పెట్టారు, వింటేనే తెలుస్తోంది. రేకు మీద వాన విడివిడి చినుకులుగా వినపడదు, ఒకటే జోరు. రేడియోలో స్టేషన్ల మధ్య వచ్చే రొదకీ దానికీ పెద్ద తేడా లేదు. అదే పనసాకు మీదో, అరటాకు మీదో పడే వానలో చినుకు చినుకు వేరుగా ఉంటుంది, దగ్గరదేదో దూరందేదో చెవికి అందుతుంది. చోటు అనేది పుట్టేది అక్కడే. దీనికి తోడు ఆ రేకుల వానని రెండో పాటలో నాలుగో నిమిషం దాకా గిటార్ల కింద నడిపించారు. డిస్టార్షన్ గిటారు పైభాగం, సింబల్స్, వాన, మూడూ 2 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్యనే కొట్టుకుంటాయి. ముగ్గురూ ఒకే గుమ్మంలోంచి ఒకేసారి దూరబోతే ఎవరు లోపలికి వస్తారు? గిటారు మొదలవగానే వాన ఆపేయండి. ఆగిన వాన గుర్తుండిపోతుంది, ఆగకుండా పడేది చెవికి అలవాటైపోతుంది.

ఇక తోడేలు. ఆ ఊళ ఉచితంగా దొరికే శాంపిల్ లైబ్రరీది, ఇప్పటికే నాలుగైదు బ్యాండుల ఆల్బమ్‌లలో విన్నదే. మన కొండవార ఊళ్ళలో రాత్రి వినపడేది నక్కల ఊళ, కీచురాళ్ళు, దూరంగా ఎవరిదో కుక్క. ఆ కుక్క చాలు. పాటల మాటల్లో మంచు తుఫాను కూడా వచ్చింది. తెలుగులో మంచు అంటే పొద్దున్న గడ్డి మీద తడీ అదే, దారి కనపడనివ్వని తెల్లటి తెరా అదే, హిమాలయాల్లో గడ్డకట్టేదీ అదే. ఈ మూడు అర్థాల మీద ఆడుకోవచ్చు, తెలుగువాడికి దక్కిన వెసులుబాటది. మీరు మాత్రం మూడోదాన్నే పట్టుకున్నారు. 1,501 మీటర్ల మహేంద్రగిరికి మొదటి రెండూ సరిపోతాయి.

గిటార్ల దగ్గరికి వద్దాం. అసలు గాయం ఇక్కడే ఉంది.

రెండో పాట నాలుగో నిమిషం దాటిన కాసేపటికి పిక్ ఒకచోట తీగకి తగల్లేదు. చిన్న ఖాళీ, కన్ను రెప్పవేసినంత. అది తప్పే కాదు, ఎవరికైనా జరుగుతుంది. కానీ ఆ ఖాళీ ఎడమ చెవిలోనూ కుడి చెవిలోనూ వచ్చింది, మధ్యలో రవ్వంత తేడాతో. అంటే మీరు గిటారు ఒక్కసారే వాయించి, దాన్నే కాపీ చేసి, ఓ 15 మిల్లీసెకన్లు వెనక్కి జరిపి రెండో పక్కన పెట్టారు. హెడ్‌ఫోన్లలో వెడల్పుగా ఉన్నట్టే ఉంటుంది. ఫోను స్పీకర్లో రెండు చానళ్ళూ ఒకటవగానే బండారం బయటపడుతుంది. ఒకే ధ్వని 15 మిల్లీసెకన్ల తేడాతో తనమీద తానే పడితే 33 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి ప్రతి 67 హెర్ట్జ్‌కి ఒక గుంట పడుతుంది: 33, 100, 167, 233, అలా పైదాకా. రెండు పక్కలా సౌండు సమానంగా ఉంటే ఆ గుంటల్లో ఏమీ మిగలదు. అందుకే ఫోనులో మీ గిటారు రేకు డబ్బాలో తేనెటీగలా మోగుతోంది.

దీనికి అడ్డదారి లేదు. రెండుసార్లు వాయించాలి. ఎడమకి ఒక టేక్, కుడికి విడిగా ఇంకో టేక్. మనిషి రెండుసార్లు ఒకేలా వాయించలేడు. ఆ రవ్వంత తేడాలే వెడల్పుగా వినపడతాయి. చెయ్యి మార్చలేకపోతే కనీసం పికప్ (తీగ మోతని అందుకునే అయస్కాంతం) మార్చండి, ఒకటి బ్రిడ్జి, ఒకటి నెక్. గెయిన్ (ధ్వనిని చిరగ్గొట్టే మోతాదు) ఇప్పుడున్న దాంట్లో సగానికి తగ్గించండి. ట్రెమొలో పికింగ్‌లో స్వరానికీ స్వరానికీ మధ్య ఖాళీ ఉండదు కాబట్టి ధ్వని ఎటూ నిండుగానే ఉంటుంది. దాని మీద గెయిన్ కుమ్మరిస్తే పిక్ తగిలే చప్పుడు మునిగిపోయి, ఏ స్వరమో తెలియని ఒక హోరు మిగులుతుంది. మిడ్స్, అంటే మధ్యస్థాయి ధ్వనులు, తవ్వేశారు, ఆ పని వేరే రకం మెటల్ వాళ్ళది. 800 నుంచి 1,500 హెర్ట్జ్ మధ్య తిరిగి ఇవ్వండి. 100 హెర్ట్జ్ కింద ఉన్నది కోసి బేస్ గిటారుకి వదిలేయండి.

తీగల సంగతి కూడా. ఐదో పాటలో గిటారు కీబోర్డు కన్నా ఓ 10 సెంట్లు, అంటే అరస్వరంలో పదో వంతు, పైకి పోయింది. ఆరో నిమిషం దగ్గర ఇద్దరూ ఒకే స్వరం పట్టుకున్నప్పుడు సెకనుకొకసారి ధ్వని ఊగుతోంది చూడండి, అదే. కీబోర్డు ఎక్కడికీ పోదు, జారింది గిటారే. 9 నంబరు సన్నతీగలు వేసి, ట్యూనింగు డి స్టాండర్డ్‌కి (ప్రతి తీగా మామూలు కన్నా ఒక స్వరం కిందికి) దించి, బలంగా కొడితే దెబ్బ పడిన ప్రతిసారీ తీగ బిగిసి శ్రుతి పైకి ఎగురుతుంది. డి స్టాండర్డ్‌కి 11 నుంచి 52 దాకా ఉండే సెట్టు వేయండి. వానాకాలంలో కర్ర తేమ పట్టి మెడ కదులుతుంది కాబట్టి 12వ ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరం, అక్కడే తేల్చిన హార్మోనిక్ కలుస్తున్నాయో లేదో రికార్డింగు రోజు పొద్దున్నే చూసుకోండి. ప్రతి టేక్‌కి ముందు ట్యూనరు.

ఇప్పుడు పొగ. రివర్బ్, అంటే గదిలో మారుమోగినట్టు ధ్వనికి తగిలించే తోక.

మీ రెండో పాట 180 బీపీఎమ్, అంటే నిమిషానికి 180 బీట్లు. పదహారో వంతు స్వరాలంటే బీటుకి నాలుగు, సెకనుకి 12 పిక్ దెబ్బలు. రిథమ్ గిటార్ల మీద పెట్టిన రివర్బ్ తోక ఐదు సెకన్లకి తక్కువ లేదు. అంటే ఏ క్షణంలో చూసినా 60 దెబ్బల తోకలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. అంతటితో పోలేదు. మీ రిఫ్‌లో రెండు బార్లకొకసారి, అంటే ఎనిమిది బీట్లకొకసారి, కార్డు (కలిసి మోగే స్వరాల గుత్తి) మారుతుంది. ఈ వేగంలో రెండు బార్లంటే 2.7 సెకన్లు. కొత్త కార్డు వచ్చాక కూడా పాత కార్డు ఇంకా చావలేదు. మీరు మైనర్ కార్డుల్ని అరస్వరం దూరంలో పక్కపక్కన పెట్టారు, నిజానికి ఆ వరస బాగుంది. కానీ ఆ రెండూ ఒకేసారి మోగితే వచ్చేది నిగూఢత కాదు, బురద. మీరు చెమటోడ్చి కట్టిన రిఫ్‌ని మీ రివర్బే మింగేసింది.

రిథమ్ గిటార్లకి తోక రెండు సెకన్లు దాటనివ్వకండి. మొదటి ధ్వనికీ రివర్బ్ మొదలవడానికీ మధ్య పదహారో వంతు స్వరమంత ఎడం, అంటే ఈ వేగంలో 83 మిల్లీసెకన్లు పెట్టండి. దాంతో పిక్ దెబ్బ ముందు నిలబడుతుంది, గది వెనకాల తెరుచుకుంటుంది. రివర్బ్‌ని ట్రాక్ మీద నేరుగా కాకుండా విడి బస్సు (మిక్సర్లో వేరే దారి) మీద పెట్టి, ఆ బస్సులో 300 హెర్ట్జ్ కిందా 6 కిలోహెర్ట్జ్ పైనా కోసేయండి. ఐదారు సెకన్ల పెద్ద రివర్బ్ ఉంచుకోండి, పారేయక్కర్లేదు. అయితే అది ఒక భాగం ముగిసే చివరి కార్డు మీద, లీడ్ గిటారు ఒంటరిగా పాడేచోట మాత్రమే తెరుచుకోవాలి. కొండ ఎత్తు తెలియాలంటే పక్కన చదును నేల ఉండాలి. 47 నిమిషాలూ శిఖరం మీదే ఉంటే అది కూడా నేలే.

"కావాలనే అలా చేశాం, బ్లాక్ మెటల్ ముతకగానే ఉండాలి" అంటారేమో. ఆ వాదన మాకు కొత్త కాదు. నార్వేలో బుర్జుమ్ పేరుతో ఒక్కడే చేసిన ఫిలోసోఫెమ్ ఆల్బమ్ 1993లో రికార్డై 1996లో వచ్చింది. గిటారు ఇంట్లో పాటలు వినే స్టీరియో ఆంప్లిఫయర్ గుండా పోయింది, గొంతుకి దొరికినవాటిలో నాసిరకం హెడ్‌సెట్ మైకు వాడారు. 1994 నాటి డార్క్‌త్రోన్ ఆల్బమ్ ట్రాన్సిల్వేనియన్ హంగర్ వాద్యాలన్నీ ఒక్క మనిషి నాలుగు ట్రాకుల యంత్రం మీద ఎక్కించినవి. మొదటి ఆల్బమ్ చేసినవాడి నేరాలతో, రాతలతో మాకు పొత్తు లేదు, ధ్వని వరకే మాట్లాడుతున్నాం. రెండింటిలోనూ ముతకదనం దండిగా ఉంది, కానీ గిటారు ఏం వాయిస్తోందో ఒక్కసారి విన్నవాడు కూనిరాగం తీయగలడు. కారణం, వాద్యాలు తక్కువ. నాలుగు ట్రాకులే ఉంటే దాచుకోవడానికి చోటుండదు. మీ దగ్గర ట్రాకులకి లెక్క లేదు, గిటారు వాయించిందే కీబోర్డు మీది స్ట్రింగ్స్ ప్యాడ్ అదే స్థాయిలో వాయిస్తోంది, బేస్ కూడా అదే. ముతక గుడ్డ వేరు, నీళ్ళలో నానబెట్టిన గుడ్డ వేరు.

కీబోర్డుని ఒక స్థాయి పైకి ఎత్తి, కార్డులు తీసేసి, నాలుగు స్వరాల ఒక్క వరస ఇవ్వండి. అది కూడా పాట సగం దాటాకే రావాలి. బేస్‌ని గిటారు వెంట పరిగెత్తించకండి. గిటారు పదహారో వంతుల్లో పరిగెడుతుంటే బేస్ బారుకొక స్వరం నిదానంగా పట్టుకుని నడిస్తే కింద లోయ ఉన్నట్టు ఉంటుంది.

డ్రమ్స్ ప్రోగ్రామింగ్ అని దాచక్కర్లేదు, ఈ సంగీతంలో చాలామంది చేసేదే. దాచలేకపోయారు కూడా. మిడి వెలాసిటీ, అంటే దెబ్బ బలం, అన్ని దెబ్బలకీ గరిష్ఠమైన 127. మనిషి ఎవడూ సెకనుకి ఆరు స్నేర్ దెబ్బలు పూర్తి బలంతో 13 నిమిషాలు కొట్టలేడు. స్నేర్‌ని 95, 112 మధ్య తిప్పండి, నాలుగు దెబ్బలకొకసారి కాస్త బలం, ఎడమచేతి దెబ్బ ఎప్పుడూ కొంచెం తక్కువ. కాలంలో అటూ ఇటూ ఐదారు మిల్లీసెకన్లు చాలు, అంతకు మించితే తాగి కొట్టినట్టుంటుంది. అన్నిటికన్నా విసుగు తెప్పించింది క్రాష్ సింబల్. ప్రతి బారు మొదట్లో క్రాష్. రెండో పాట 13 నిమిషాలు, 180 బీపీఎమ్, అంటే 585 బార్లు. ఐదువందల సార్లు తలుపు ధడేలుమంటే ఎవరొచ్చారని ఎవడు చూస్తాడు? రిఫ్ మారే చోట ఒకటి, బ్లాస్ట్ మొదలయ్యే చోట ఒకటి, మిగతాది రైడ్ సింబల్ మీద నడిపించండి.

ఇక పాట నడక. రెండో పాటలోనే మొదటి రిఫ్ ఎనిమిది బార్లది, అంటే పదిన్నర సెకన్ల పైచిలుకు. దాన్ని ఆరో నిమిషం దాకా 34 సార్లు తిప్పారు. తిప్పడం ఈ సంగీతానికి ప్రాణం, దాన్ని మేం తప్పుపట్టం. కానీ 34 సార్లలో ఏమీ మారలేదు. ఇక్కడ మీరు నార్వే దాకా వెళ్ళక్కర్లేదు, తప్పెటగుళ్ళు చూడండి. గుండెల మీద తప్పెట, కాళ్ళకి గజ్జెలు, పాట అదే తిరుగుతుంటుంది. అడుగు మారుతుంది, వేగం మారుతుంది, వరస వంకర తిరుగుతుంది, మళ్ళీ మొదటి చరణం వచ్చేసరికి అది మొదటి చరణంలా ఉండదు. జముకుల కథ ఇంకా దగ్గర. జముకుకి ఉన్నది ఒక్క తీగ. జుంజుమ్మని ఆ తీగ రాత్రంతా మోగుతున్నా ఎవరూ లేచిపోరు. కథ చెప్పేవాడి గొంతు లేచే చోట తీగ అణుగుతుంది, వంత అందుకున్న చోట బిగుస్తుంది. మీ ట్రెమొలో గిటారు చేయాల్సింది సరిగ్గా ఆ పనే.

అదే రిఫ్‌తో ఇలా నడిపి చూడండి. మొదటి నాలుగు తిప్పులు ఎడమ గిటారు ఒక్కటే, రివర్బ్ అసలు లేకుండా. ఐదో తిప్పులో కుడి గిటారు, డ్రమ్స్ సగం వేగంలో. తొమ్మిదో తిప్పులో బ్లాస్ట్, అదే ఆ పాటలో మొదటి క్రాష్. 13వ తిప్పులో గిటార్లు అదే వాయిస్తుండగా బేస్ మాత్రం కింద స్వరం మార్చాలి. కార్డు మారకుండానే రంగు మారుతుంది, పైసా ఖర్చు లేని మాయ ఇది. 17లో కుడి గిటారు మూడో స్వరం పైకి. 21లో గిటార్లు రెండూ ఆగిపోయి బేస్, రైడ్ మాత్రమే నాలుగు తిప్పులు. 24 తిప్పులంటే నాలుగుంపావు నిమిషాలు. రెండు నిమిషాలు మిగిలాయి, రెండో రిఫ్‌కి ఇవ్వండి. పాట 13 నిమిషాలు ఉండి తీరాలని ఏ శాస్త్రంలోనూ లేదు.

మూడో పాట తిత్లీ మీద. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని చిన్నాభిన్నం చేసిన తుఫాను. ఇంత బరువైన విషయం తీసుకుని 11 నిమిషాలు ఒకే బ్లాస్ట్ బీట్ కొట్టారు. తుఫాను ఒకే లెవెల్లో ఉండే రొద అనుకున్నట్టున్నారు. గాలి విసురుగా వస్తుంది, తగ్గుతుంది, అనుకోని చోట మళ్ళీ విసురుతుంది, లెక్కకి అందదు. తుఫాను కన్ను ఏ ఊరి మీదుగా పోతుందో ఆ ఊళ్ళో మొదట ఒక దిక్కు నుంచి గాలి కొడుతుంది, తర్వాత అంతా ఆగిపోతుంది, ఆపైన సరిగ్గా ఎదుటి దిక్కు నుంచి మొదలవుతుంది. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర దాటిన ఫైలిన్ సంగతి బరంపురం వాళ్ళని అడగండి, గాలి తిరిగే సంగతి తీరం వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. పాటకి ఇంతకన్నా మంచి కట్టడం ఎవరిస్తారు? మొదటి సగం ఎడమ గిటారు పూర్తి బలంతో, కుడిది ఆరు డెసిబెల్స్ కింద. ఎనిమిది బార్ల రిఫ్‌ని ఒకసారి ఏడు, ఒకసారి తొమ్మిది బార్లకి తెంపండి, విసురు ఎప్పుడొస్తుందో తెలియకూడదు. తర్వాత ఇరవై సెకన్లు ఏమీ వద్దు. చూరు నుంచి కారే బొట్లు, ఒక్క పట్టిన స్వరం, రివర్బ్ సున్నా. తర్వాత అదే రిఫ్ స్వరాలని వెనక నుంచి ముందుకి వాయిస్తూ ఈసారి కుడి గిటారు పైన. వినేవాడికి ఎందుకో తెలియకపోయినా మెడ అటు తిరుగుతుంది.

గొంతు బాగుంది. మీ నలుగురిలో ఆ అరిచే అబ్బాయికి పట్టు ఉంది, శ్వాస ఉంది. పాపం నోట్లో పెట్టిన మాటలే అతన్ని కూలదోశాయి. "నిబిడాంధకారారణ్యగర్భంలో" లాంటి 11 అక్షరాల సమాసాన్ని ఆ వేగంలో రెండు సెకన్లలో అరవమంటే ఏం మిగులుతుంది? ఇలాంటి అరుపులో శ్రుతి ఉండదు, మాటని గుర్తుపట్టించేది అచ్చు ఆకారం, హల్లు దెబ్బ, ఈ రెండే. ఒత్తులు నాలుగు వరసగా వస్తే దెబ్బలన్నీ కలిసిపోతాయి. ఆ, ఏ, ఓ అరుపులో తెరుచుకుంటాయి. ఇ, ఉ మూసుకుపోతాయి. ఇప్పుడు మన వైపు మాట చూడండి. పుస్తకంలో "గాలి వచ్చింది" అంటే చివర నోరు మూసుకుంటుంది. "గాలొచ్చినాది" అంటే ఆ "నా" దగ్గర గొంతు బార్లా తెరుచుకుని ఎంతసేపైనా సాగుతుంది. "కొండ కూలినాది, దారి మూసినాది": ఇది అరవడానికే పుట్టిన తెలుగు. పుస్తకాల తెలుగు వద్దు, నోటి తెలుగు కావాలని గిడుగు రామమూర్తి గారు పంతం పట్టింది పర్లాకిమిడిలో పంతులుగా ఉన్నప్పుడే. అదే ఊరి పక్కన కూర్చుని గ్రాంథికంలో అరిస్తే ఎలా, బాబూ?

గిడుగు వారి పేరు వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఆయన సవర భాష నేర్చుకోవడానికి ఏళ్ళు పెట్టారు. మీరు లోపలి కవరు మీద సవరల ఇడితాల్ బొమ్మ వేశారు. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో గీసే ఆ బొమ్మ అలంకారం కోసం గీసేది కాదు. ఆ ఇంటివాళ్ళ దేవుళ్ళకీ పెద్దలకీ సంబంధించింది. ఎవరి గోడ మీదిది, ఎవరు గీశారు, అడిగి తీసుకున్నారా, కవరు మీద ఒక్క ముక్క లేదు. అడిగి ఉంటే పేరు రాయండి, వాళ్ళకి ఇవ్వాల్సింది ఇవ్వండి. అడగకపోతే తీసేయండి. ఇందులో మిక్సింగు తెలివి అక్కర్లేదు.

నాలుగో పాట ఐదో నిమిషం. దీని కోసమే మేం ఆల్బమ్ మూడుసార్లు విన్నాం. డ్రమ్స్ ఆగిపోతాయి, డిస్టార్షన్ పోతుంది. కింది డి తీగ ఖాళీగా మోగుతూ ఉంటుంది, పైన రెండు తీగల మీద ఒక వరస నెమ్మదిగా దిగుతుంది. 90 సెకన్లు. రివర్బ్ దాదాపు లేదు. మధ్యలో వాయించేవాడి కుర్చీ కిర్రుమంది, ఫ్రెట్ మీద వేలు జారిన చప్పుడు ఉంది, చాలా వెనక ఎక్కడో ఒక బండి గేరు మార్చుకుని ఎత్తు ఎక్కుతోంది. ఆ 90 సెకన్లలో మాకు గది కనిపించింది, కిటికీ కనిపించింది, కిటికీలోంచి ఘాట్ రోడ్డు కనిపించింది. ఆల్బమ్ మొత్తంలో కొండ ఉన్నది అక్కడే. దయచేసి ఆ కుర్చీ చప్పుడు శుభ్రం చేయకండి. అంతేకాదు, మిగతా పాటల్లో క్లీన్ గిటారు వచ్చే చోటల్లా అదే గది, అదే కుర్చీ, అదే మైకు.

మాస్టరింగ్ (చివరగా మొత్తం ఆల్బమ్ లెవెల్ సరిచేయడం) గురించి క్లుప్తంగా. మొత్తం మైనస్ 6 లఫ్స్ (చెవికి తోచే గట్టిదనానికి కొలత) దగ్గర బిగించేశారు. స్పాటిఫై లాంటివి మామూలు సెట్టింగులో మైనస్ 14కి దించే వినిపిస్తాయి. 8 డెసిబెల్స్ తగ్గాక మీకు మిగిలింది గట్టిదనం కాదు, చదును. ధ్వనిని ఒక ఎత్తు దాటనివ్వని లిమిటరు కొట్టిన దెబ్బకి మొదటి పాట వానా రెండో పాట బ్లాస్ట్ బీటూ ఒకే ఎత్తులో ఉన్నాయి. మైనస్ 11, 12 దగ్గర ఆపండి, ట్రూ పీక్ మైనస్ 1. వాన కనీసం 10 డెసిబెల్స్ కింద ఉండాలి, గిటారు వచ్చినప్పుడు వినేవాడు ఉలిక్కిపడాలి.

ఇదంతా చూసి మళ్ళీ మొదటి నుంచి రికార్డు చేయాలని బెంగపడకండి. గొంతు, నాలుగో పాట క్లీన్ గిటారు పనికొస్తాయి. బేస్, కీబోర్డు పైన చెప్పినట్టు మార్చుకోండి. డ్రమ్స్ మిడి కాబట్టి కూర్చుని దిద్దుకోవచ్చు. గొంతు పాత మాటలతోనే ఉంచి, కొత్త మాటలు వచ్చే ఆల్బమ్‌కి దాచుకోండి, తిత్లీ పాట తప్ప. ఆ ఒక్కదానికి మాటలు మార్చండి. గిటార్లలో కొత్తగా వాయించాల్సింది కుడి పక్క రిథమ్ గిటారు, నాలుగు పాటలకి. శ్రుతి తప్పింది కాబట్టి ఐదో పాటకి రెండు పక్కలా. గిటార్లకి పాటకో పూట చొప్పున ఐదు పూటల పని.

ముందు రెండో పాట ఫైలు తెరవండి. ప్రతి ట్రాక్ మీదా ఉన్న ఎఫెక్టులన్నీ ఆపేయండి, మాస్టర్ మీద ఉన్నవి కూడా. మాస్టర్‌ని మోనోకి (రెండు చానళ్ళూ ఒకటిగా) మార్చి, ఫేడర్లతో మాత్రమే డ్రమ్స్, బేస్, ఒక గిటారు, గొంతు నిలబెట్టండి. అలా వింటే రిఫ్ నిలబడుతోందా? నిలబడితే స్టీరియో చేయండి, తర్వాత రివర్బ్ ఒక్కొక్కటీ తెరవండి, ప్రతిసారీ ఆపి చూసి అది లేకపోతే ఏం పోయిందో అడగండి. ఏమీ పోలేదనిపిస్తే అది అక్కర్లేదు. మోనోలో రిఫ్ నిలబడకపోతే మిక్సింగు ఆపి గిటారు చేతికి తీసుకోండి.

మాలో ఒకరి చేత మిక్స్ చూపించుకోవాలంటే ట్రాకులు విడివిడిగా, వేవ్ ఫైళ్ళుగా, ఎఫెక్టులు లేకుండా, అన్నీ ఒకే సున్నా నుంచి మొదలయ్యేలా తీసి పెట్టండి. ఫైలు పేరులో పాట నంబరు, వాద్యం, బీపీఎమ్ రాయండి. "ఫైనల్ కొత్తది 3" అని రాస్తే తెరవం.

ఇట్లు,
పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు గిటారూ మిక్సింగూ పట్టుకుని ఉన్న కొందరం